నలభై ఒకటో ఫుట్‌నోట్

చదరపు బ్రాకెట్టుకూ గుండ్రటి బ్రాకెట్టుకూ తేడా ఉంటుందని పంతొమ్మిదో ఏడు వచ్చేదాకా నాకు తెలియదు. ఇంటర్ లెక్కల పరీక్ష అయిపోయాక ఇక బ్రాకెట్లతో పనేముందిలే అనుకున్నాను. 2008 మొదట్లో, న్యాయశాస్త్రం రెండో ఏడు చదువుతుండగా, మా విశ్వవిద్యాలయ పత్రికలో చేరిన మొదటి వారమే ఒక సీనియర్ ఇంగ్లండు తీర్పుల జాబితా నా ముందు పెట్టి, "ఇక్కడ 1932 చుట్టూ చదరపు బ్రాకెట్టు ఎందుకుంది?" అని అడిగాడు. "అచ్చువేసినవాళ్ల ఇష్టం" అన్నాను. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు.

సంవత్సరమే సంపుటానికి పేరైతే చదరపు బ్రాకెట్టు పెడతారు. అది తీసేస్తే పుస్తకం దొరకదు. సంపుటాలకు విడిగా వరుస అంకెలు ఉండి, సంవత్సరం ఊరికే తెలియడం కోసం వేసిందైతే గుండ్రటి బ్రాకెట్టు చాలు. జింజర్ బీరు సీసాలో నత్త బయటపడిన డొనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ కేసుకు 1932 చదరపు గదిలో కూర్చున్నది అందుకే. మరి మన సుప్రీంకోర్టు తీర్పులు అచ్చువేసే ఎస్‌సీసీలో సంవత్సరం తెలియకపోతే సంపుటం దొరకదు కదా, అక్కడ గుండ్రటి బ్రాకెట్టే వేస్తారెందుకని అడిగాను. "అది మాత్రం అడగకు" అన్నాడు సీనియర్. ఇప్పటికీ ఎవరినీ అడగలేదు.

పత్రిక గది అంటే పెద్దగా ఊహించుకోకండి. అంతకుముందు విరిగిన కుర్చీలు పడేసుకున్న గది అది. మేం వచ్చాక కూడా రెండు విరిగిన కుర్చీలు అక్కడే ఉండిపోయాయి. ఒక ఇనుప బీరువా, రెండు కంప్యూటర్లు, కిటికీ అవతల బండరాళ్లు, సీతాఫలం చెట్లు. కంప్యూటర్లలో ఒకటి వానాకాలంలో పనిచేసేది కాదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

మాది ఏడాదికి ఒక సంచిక. న్యాయ పత్రికల ప్రపంచంలో ఒక వింత ఉంది, బయటివాళ్లకు చెబితే నమ్మరు. హార్వర్డ్ లా రివ్యూను 1887లో విద్యార్థులే మొదలుపెట్టారు. అమెరికాలో నేటికీ చాలా న్యాయ పత్రికలను విద్యార్థులే నడుపుతారు. ఏ ప్రొఫెసర్ వ్యాసం వేయాలో, ఏది తిప్పి పంపాలో వాళ్లే తేలుస్తారు. డాక్టరు చదువుతున్న మా పెద్దమ్మ కొడుకుకు ఈ సంగతి చెబితే, "అంటే రోగిని చూసి ఆపరేషన్ చేయాలా వద్దా అని కాంపౌండర్ చెబుతాడా?" అన్నాడు. మా పత్రిక మధ్యేమార్గం పట్టింది. వచ్చిన వ్యాసాలను మొదట మేం జల్లెడ పడతాం. నిలిచినవాటికి రచయిత పేరు తీసేసి బయటి ఇద్దరు పండితులకు పంపుతాం. రాసిందెవరో వాళ్లకు తెలియదు, చదివిందెవరో రచయితకు తెలియదు. వాళ్లు సరేనన్నాక మళ్లీ మా చేతికి వస్తుంది. తీర్పు పెద్దలది, చాకిరీ మాది.

ఆ చాకిరీ పేరు సైట్ చెకింగ్. వ్యాసంలో నూట ఎనభై ఫుట్‌నోట్లు ఉంటే ఆ నూట ఎనభై పుస్తకాలనూ తెరిచి, రచయిత చెప్పిన పేజీలో రచయిత చెప్పిన మాట ఉందో లేదో చూడాలి. ఎలా రాయాలన్నదానికి బ్లూబుక్ అని అమెరికావాళ్ల గ్రంథం ఒకటుంది. 1926లో తొలిసారి వచ్చినప్పుడు అది 26 పేజీల చిన్న పుస్తకమట. మేం చదువుకునే రోజుల్లో, 2010లో వచ్చిన పంతొమ్మిదో కూర్పు ఐదు వందల పేజీలు దాటింది. కామా తర్వాత వచ్చే ఖాళీ వాలు అక్షరాల్లో ఉండాలా, నిలువు అక్షరాల్లో ఉండాలా అని రాత్రి ఒంటిగంటకు ఇద్దరు మనుషులు కేకలు వేసుకోవడం నేను కళ్లారా చూశాను. ఖాళీ కనబడదు కదా అంటే ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

ముందు ఫుట్‌నోట్లో చెప్పిన పుస్తకమే మళ్లీ వస్తే లాటిన్‌లో ఐబిడ్ అని రాస్తారు. మాలో తెలుగువాళ్లం ముగ్గురం దాన్ని 'షరా మామూలే' అనేవాళ్లం. ఎప్పుడో ముందు చెప్పినదైతే సుప్రా అని పెట్టి, ఆ ఫుట్‌నోట్ అంకె వేయాలి. ప్రాణాలు తీసేది ఇదే. రచయిత ఆఖరి నిమిషంలో పన్నెండో ఫుట్‌నోట్ దగ్గర కొత్తది ఒకటి చేర్చాడంటే, అక్కడి నుంచి కిందివన్నీ ఒక్కొక్క మెట్టు దిగుతాయి. సుప్రా 27 అన్నది 28 కావాలి. అంకెలు చేత్తో కొట్టి ఉంటే ఒక్కటీ మారదు. ఒక సంచికకు రాత్రంతా కూర్చుని అంకెలు సరిచేసి, తెల్లవారి మెయిల్ తెరిస్తే రచయిత నుంచి ఉత్తరం: "పన్నెండోది అక్కర్లేదనిపిస్తోంది, తీసేయండి."

ఇంత విసుగులోనూ నన్ను ఆ గదికి కట్టిపడేసింది ఖరక్ సింగ్.

గోప్యత హక్కు మీద వచ్చిన ఒక వ్యాసం సైట్ చెకింగుకు నా వంతు వచ్చింది. ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్ మనిషి. 1941లో దోపిడీ కేసులో పట్టుకుని సాక్ష్యం లేక వదిలేశారు. కానీ పోలీసులు అతని పేర హిస్టరీ షీట్ తెరిచి, అర్ధరాత్రులు ఇంటికి వచ్చి తలుపు కొట్టేవారు. అతను సుప్రీంకోర్టుకు వెళ్లాడు. రాత్రిపూట ఇంటికి వచ్చి లేపడం చెల్లదని ఆరుగురు న్యాయమూర్తులూ అన్నారు, కానీ మన రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదని మెజారిటీ తేల్చింది. అది ఉందని, వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని రాసినవారు మన రాజమండ్రి కోకా సుబ్బారావు. వ్యాసంలో "సుబ్బారావు ఒంటరిగా అసమ్మతి తెలిపారు" అని ఉంది. ఫుట్‌నోట్లో ఒక పాఠ్యపుస్తకం పేరు. ఆ పుస్తకం తెరిచాను. అందులోనూ ఒంటరిగా అనే ఉంది. సరిపోయిందని టిక్కు పెట్టి లేవబోతే, మా ప్రధాన సంపాదకుడు, కేరళ అబ్బాయి, తల ఎత్తకుండానే, "తీర్పు చూశావా?" అన్నాడు.

చూడలేదు. కిందికి దిగి ఏఐఆర్, అంటే తీర్పులు అచ్చువేసే ఆల్ ఇండియా రిపోర్టర్, 1963 సుప్రీంకోర్టు సంపుటం తీసి 1295వ పేజీ తెరిచాను. తీర్పు చెప్పింది 1962 డిసెంబరు 18న, అచ్చయింది 1963 సంపుటంలో. చాలామంది అక్కడే ఒకసారి జారిపడతారు. పేజీలు తిప్పుతూ పోతే సుబ్బారావు గారి తీర్పు వచ్చింది. అది ఆయన ఒక్కరిదీ కాదు. జస్టిస్ షా కూడా ఆయనతో ఉన్నారు, తీర్పు ఇద్దరి తరఫునా రాసినది. ఆరుగురిలో నలుగురు అటు, ఇద్దరు ఇటు.

ఆ రాత్రి గదిలో దొరికిన పుస్తకాలన్నీ వెతికాను. మూడింటిలో 'ఒంటరిగా' అని ఉంది. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారు. తీర్పు తెరిచినవాళ్లు లేరు. ఒంటరి అన్న మాటలో ఒక అందం ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పాపం షా గారు ఆ అందానికి అడ్డమై పోయారు. రచయితకు రాస్తే ఆయన ఒక్క మాటే జవాబిచ్చారు: "సిగ్గుగా ఉంది." అప్పటికి నేను అంతకుముందెన్నడూ పొందని సంతోషం పొందాను. అది మంచి రకం సంతోషం కాదేమోనని అనుమానం కూడా ఉంది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పినప్పుడు, అందులో ఒక న్యాయమూర్తి మూడు గొప్ప అసమ్మతి తీర్పులంటూ ఫజల్ అలీ, సుబ్బారావు, ఖన్నాల పేర్లు చెప్పినప్పుడు, కోర్టు క్యాంటీన్‌లో అందరూ సుబ్బారావు గారిని తలుచుకున్నారు. నేను ఫోనులో షా గారి పేరు కొట్టి వెతుక్కుంటూ కూర్చున్నాను.

తప్పు పట్టడం రుచి మరిగాక చేయి ఆగదు. మూడో ఏట నాకు ఒక వ్యాసం మొత్తం అప్పగించారు. రచయిత వాక్యాలు పొడుగ్గా, పాత పద్ధతిలో ఉన్నాయి. దిద్దినవన్నీ ఎర్ర గీతలతో కనబడేలా కంప్యూటర్‌లో ఒక ఏర్పాటుంటుంది, ట్రాక్ చేంజెస్ అని. పేజీ అంతా ఎర్రబడిపోతోందని నేను దాన్ని ఆపేసి, నాలుగు పేజీలు నాకు నచ్చినట్టు తిరగరాశాను. శుభ్రంగా వచ్చిందనుకున్నాను. మా కేరళ అబ్బాయి రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూశాడు. తిట్టలేదు. "ఆయన 'దేర్‌ఫోర్' అన్నచోట నువ్వు 'హెన్స్' అన్నావు. ఎందుకు?" అన్నాడు. బాగుంటుందని అన్నాను. "ఎవరికి?" అన్నాడు. నాలుగు పేజీలూ పాతవి తెచ్చి పెట్టి, మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఎర్ర గీతలతో, ప్రతి దిద్దుబాటు పక్కన కారణం రాసి పంపమన్నాడు. కారణం రాయవలసి వచ్చేసరికి దిద్దుబాట్లలో ముప్పాతిక వంతు ఆవిరైపోయాయి.

మా తాతయ్య దస్తావేజు లేఖరి. మా ఊరి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ముందు, వేపచెట్టు కింద రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నారు. దస్తావేజు పూర్తయ్యాక చివరన కొట్టివేతలు ఎన్ని, పంక్తుల మధ్య రాతలు ఎన్ని, ఏ పేజీ ఏ వరుసలో అని లెక్క రాసేవారు. ప్రతిచోటా రాసిచ్చినవారి చేత పొట్టి సంతకం పెట్టించేవారు. చిన్నప్పుడు అది చాదస్తం అనుకునేదాన్ని. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 20వ సెక్షన్ అని తరగతిలో చదివినప్పుడు తెలిసింది: కొట్టివేతలు, ఖాళీలు, దిద్దుబాట్లు ఉన్న చోట రాసిచ్చినవారు సంతకమో పొట్టి సంతకమో పెట్టకపోతే అధికారి ఆ పత్రాన్ని తీసుకోనక్కర్లేదు. ట్రాక్ చేంజెస్ ఆపేసిన సంగతి సెలవుల్లో తాతయ్యకు చెబితే, నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "వాళ్ల పొలం హద్దు వాళ్లకు చెప్పకుండా జరిపావన్న మాట" అన్నారు.

నాలుగో ఏట, 2009 మధ్యలో, ఒక లావుపాటి కవరు పోస్టులో వచ్చింది. అప్పటికే వ్యాసాలన్నీ మెయిల్లో వస్తున్న కాలం. ఇది టైపు మిషను మీద కొట్టింది, మధ్యమధ్య చేత్తో దిద్దింది. రాసినవారు తెలంగాణలో ఒక చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేసే వకీలు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం మీద ముప్పై పేజీలు. రక్షిత కౌలుదార్లకు భూమి మీద యాజమాన్యం వచ్చే 38-ఇ సెక్షన్, ఆ ధ్రువపత్రం చేతిలో ఉండీ భూమి మీదికి పోలేనివాళ్ల గోడు. ఉట్నూరు తహసీల్దారు కేసులో మన హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది, అంటే ఏఐఆర్ 1988 సంపుటం ఆంధ్రప్రదేశ్ భాగంలో 77వ పేజీ, దాన్ని కింది కార్యాలయాల్లో ఎలా పక్కన పెడుతున్నారో ఊరూరి లెక్కలతో రాశారు. ఫుట్‌నోట్లు లేవు. ఒక్కటంటే ఒక్కటీ లేదు. ఇంగ్లీషు మోటుగా ఉంది. ప్రతి రెండో వాక్యం 'నేను' అని మొదలవుతుంది: నేను ఆ పిటిషన్ వేశాను, నేను ఆ రికార్డు చూశాను, నేను ఆ ముసలామెను తహసీల్దారు దగ్గరికి తీసుకెళ్లాను.

జల్లెడ సమావేశంలో ఏడుగురం ఉంటే ఐదుగురు వద్దన్నారు. వాళ్ల తప్పు లేదు, మా కొలతలకు అది వ్యాసమే కాదు. కేరళ అబ్బాయి అప్పటికి ఆఖరి ఏడు. అతను అడిగింది ఒక్కటే: "ఇందులో ఉన్నది ఇంకెక్కడైనా చదివామా?" ఎవరూ చదవలేదు. సరే, సమీక్షకు పంపి చూద్దామన్నాం. పేరు తీసే పని నాది.

పేరు తీయడమంటే మొదటి పేజీ మీద పేరు కొట్టేయడం కాదు. ఫైలు లోపల రచయిత పేరు దాగి ఉంటుంది, అది తుడవాలి. కృతజ్ఞతలు తీయాలి. 'నా వెనుకటి వ్యాసంలో చెప్పినట్టు' లాంటివి మార్చాలి. ఈ వ్యాసంలోనైతే మనిషి లేని వాక్యమే లేదు. ఆయన వేసిన పిటిషన్లు, ఆయన కోర్టు, ఆయన ఊరు. అన్నీ తీసి, తీసిన చోటల్లా 'పేరు తొలగించడమైనది' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు బ్రాకెట్లో పెట్టాను, చదరపు బ్రాకెట్లో, నేర్చుకున్న విద్య కదా. 'నేను చూశాను' అన్నవి 'చూడబడినది' అయ్యాయి. పూర్తయ్యాక చదివితే ఎవరూ లేని ఇంట్లో గడియారం కొట్టుకుంటున్నట్టు ఉంది.

ఇద్దరు సమీక్షకుల జవాబులు ఐదు నెలలకు వచ్చాయి. అది మామూలే, ఐబిడ్. ఒకరు: సిద్ధాంతం లేదు, ఇతరులు రాసింది చదివిన జాడ లేదు, తిరస్కరించండి. రెండోవారు: భాష బాగోలేదు, ఆధారాలు చూపలేదు, చూపగలిగితే తప్పక వేయండి, ఇది ఇంకెవరూ రాయలేరు. ఆ రెండోవారే చివర్లో ఒక ప్రశ్న అడిగారు: "రచయిత ఒకచోట 1364 నాటి రికార్డు అంటున్నారు. పద్నాలుగో శతాబ్దపు పత్రమా?"

మేం ముఖముఖాలు చూసుకున్నాం. బ్లూబుక్‌లో ఇండియాకు కూడా చోటుంది. మన పాత భూమి రికార్డులకు లేదు. ఖాస్రా పహాణీకి లేదు. సేత్వారుకు లేదు. ఫైసల్ పట్టీకి లేదు. సంక్రాంతి సెలవుల్లో ఆ పేజీలు తీసుకుని తాతయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "1364 ఫస్లీ. 590 కలుపు" అన్నారు. ఫస్లీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. కలిపితే 1954. తెలంగాణ భూమి తగాదాల్లో అందరూ మొదట అడిగే 1954-55 ఖాస్రా పహాణీ అది. ఏ నిలువు గడిలో పట్టాదారు పేరుంటుందో, ఏ గడిలో సాగుచేసేవాడి పేరుంటుందో, ఉర్దూ అంకెలు ఎలా చదవాలో ఒక మధ్యాహ్నమంతా చెప్పారు. నాన్నమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచి ఊరుకుంది. సెలవుల నుంచి వచ్చి మా పత్రికకు ఒక పేజీ నియమావళి రాశాను: రెవెన్యూ రికార్డు పేరు, గ్రామం, సర్వే నంబరు, ఫస్లీ సంవత్సరం, పక్కన బ్రాకెట్లో క్రీస్తుశకం. గుండ్రటి బ్రాకెట్టు. ఎందుకంటే క్రీస్తుశకం లేకపోయినా ఆ రికార్డు దొరుకుతుంది, ఫస్లీ లేకపోతే దొరకదు. నేను ఇంతవరకు రాసినవాటిలో నాకు గర్వంగా అనిపించేది ఆ పేజీ ఒక్కటే.

వకీలు గారికి ఎనభై ఆరు ప్రశ్నలు పంపాం. ఈ మాటకు ఆధారమేది, ఈ అంకె ఎక్కడిది అని. పది రోజుల్లో జవాబు వచ్చింది, అచ్చం కోర్టులో వేసే కౌంటరులాగా: "1వ ప్రశ్న: ఒప్పుకోవడమైనది. 2వ ప్రశ్న: నిరాకరించడమైనది, ఋజువు భారం ప్రశ్నించినవారిదే. 3వ ప్రశ్న: రికార్డు వెంట తెచ్చి చూపగలను." ఇది హాస్యమో కోపమో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాం.

తర్వాతి శనివారం ఆయనే వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో బియ్యం సంచీ, అందులో ఎర్ర నాడాలతో కట్టిన కట్టలు. బస్సు దిగి ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి వచ్చారట. లేచి నిలబడ్డాం.

"ప్రశ్నలు వేసింది ఎవరమ్మా?"

"నేనేనండీ."

"అరవై రెండో ప్రశ్న బాగుంది. మా జూనియర్లు ఎవరూ నన్ను అలా అడగలేదు." సంచీ బల్లమీద పెట్టారు. "మిగతావి కూర్చుని చూద్దాం. ముందు మంచినీళ్లు ఇప్పించండి."

ఆ రోజు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కూర్చున్నాం. ఆయన ఒక్కొక్క నకలూ తీసి చూపడం, నేను చదవడం, పక్కన కేరళ అబ్బాయికి ఇంగ్లీషులో చెప్పడం, అతను ఫుట్‌నోట్ కొట్టడం. రెండుచోట్ల ఆయన జ్ఞాపకం తప్పింది. సర్వే నంబరు ఒకటి తారుమారైంది, ఒక ఉత్తర్వు తేదీ ఏడాది తేడా వచ్చింది. తప్పు దొరికినప్పుడల్లా ఆయన ముఖం వెలిగేది, "మంచిదయింది, అవతలి వకీలుకు దొరికి ఉంటే?" అని. మెస్‌లో మాతోపాటే భోంచేసి, సాంబారు చూసి ఏమీ అనకుండా పెరుగు రెండోసారి అడిగి వేయించుకున్నారు. చివరి బస్సుకు వెళుతూ, "నేను రాసిన 'నేను'లన్నీ తీసేశారటగా?" అని అడిగారు. సమీక్ష కోసం తీశామని, మళ్లీ పెడతామని చెప్పాను. "పెట్టండి తల్లీ. నేను గొప్పని కాదు. ఫలానావాడు కళ్లతో చూశాడంటేనే కదా సాక్ష్యం, చూడబడినది అంటే ఎవరు నమ్ముతారు?"

అన్నీ వెనక్కి పెట్టాను. తొలగించిన చోట్లన్నీ కంప్యూటర్ చేత వెతికించి, ఒక్కొక్కటీ తెరిచి, పేరు, ఊరు, కోర్టు, 'నేను'. ముప్పై నాలుగు చోట్లు. 2010 చివర్లో సంచిక అచ్చయి, ఆటోలో మూడు వందల కాపీలు దిగాయి. కొత్త అచ్చు వాసన, జిగురు వాసన. ఆయన వ్యాసానికి నూట పన్నెండు ఫుట్‌నోట్లు వచ్చాయి, అందులో పదిహేడు పహాణీలు. ఇంకేముంది, పోస్టు చేసేశాం. ఆయన అడిగిన పది కాపీలూ పంపాం.

నలభై ఒకటో ఫుట్‌నోట్ నేను వారం తర్వాత చూశాను. అప్పటిదాకా ఫుట్‌నోట్లు కాక వ్యాసాలు చదువుకుంటూ మురిసిపోయాను మరి. అందులో ఇలా ఉంది: ఈ పిటిషన్లో కౌలుదారు తరఫున వాదించినవారు, చదరపు బ్రాకెట్లో, పేరు తొలగించడమైనది. ఆ ఒక్కచోట ఆ మాట కొట్టేటప్పుడు నేను ఒక అక్షరం తప్పు కొట్టాను. అందుకే వెతికినప్పుడు కంప్యూటర్‌కు దొరకలేదు. ముప్పై పేజీల్లో 'నేను' అన్నవన్నీ పోయినా పెద్ద నష్టం లేదేమో, ఆయన పేరు పేరుగా ఉండవలసిన చోటు అదొక్కటే. ఉన్నది అక్షరదోషంతో సహా నా రాత.

ఆ రాత్రి తిండి సయించలేదు. కేరళ అబ్బాయి అప్పటికే పట్టా పుచ్చుకుని ఢిల్లీ వెళ్లిపోయాడు. ఫోను చేస్తే చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "నేను కూడా చివరి ప్రూఫు చదివాను" అన్నాడు. క్షమించమని ఆయనకు ఉత్తరం రాశాను, నాలుగుసార్లు చించి. వచ్చే సంచికలో సవరణ వేస్తామని రాశాను. దానికి జవాబు రాలేదు.

నెల తర్వాత రిజిస్టర్డు పోస్టులో మా పత్రిక కాపీ ఒకటి తిరిగి వచ్చింది. తీసుకోనని తిప్పి పంపారేమో అనుకుంటూ విప్పాను. నలభై ఒకటో ఫుట్‌నోట్ ఉన్న పేజీలో కాగితపు ముక్క పెట్టి ఉంది. అక్కడ నా మాటల మీద ఒక్క గీత, కింద ఉన్నది ఇంకా చదవడానికి వీలుగా, పైన నీలి సిరాతో ఆయన పేరు, మార్జిన్‌లో ఆయన పొట్టి సంతకం. చిన్న చీటీ: "పది కాపీల్లోనూ ఇలాగే దిద్దాను. ఈ ఒక్కటి మీకు. దిద్దుబాటు దగ్గర రాసిచ్చినవారి సంతకం ఉండాలి. రాసింది నేను, ఇచ్చింది మీరు. పక్కన ఖాళీ వదిలాను."

పెన్ను తీసుకుని ఆ ఖాళీలో నా పొట్టి సంతకం పెట్టాను. తర్వాత ఆ పుస్తకం సంచీలో వేసుకుని లైబ్రరీకి వెళ్లి, అక్కడున్న రెండు కాపీలు బల్ల మీద పరిచి కూర్చున్నాను. లైబ్రేరియన్ వచ్చి, పుస్తకాల మీద రాయకూడదని తెలియదా అని అడిగింది.